సింగిల్ బౌల్ సింకా, డబుల్ బౌల్ సింకా: గ్రానైట్ కోయించే ముందే తేల్చుకోవలసిన సంగతులు

వంటింటికి కొన్న వస్తువుల్లో చాలావాటిని నచ్చకపోతే మార్చుకోవచ్చు. పొయ్యిని మార్చవచ్చు, చిమ్నీని మార్చవచ్చు, కొంత ఖర్చుకు సిద్ధపడితే అరల తలుపులనూ మార్చవచ్చు. సింకు సంగతి అలా కాదు. దానికోసం గ్రానైట్ బండలో కోసిన ఖాళీ ఆ బండ ఉన్నంతకాలం అదే కొలతతో ఉంటుంది. 24 అంగుళాల సింకుకు కోసిన ఖాళీని, రెండు రోజుల దుమ్ము భరించగలిగితే, తరువాత 37 అంగుళాలకు పెంచుకోవచ్చు గాని, 37 అంగుళాలకు కోసేసిన బండను మళ్ళీ 24కు తేవడం ఎవరివల్లా కాదు. అందుచేత సింకులో ఒక బౌల్ (తొట్టి) కావాలా, రెండు కావాలా అన్నది దుకాణంలో మెరుపు చూసి తేల్చుకునే విషయం కాదు; ఇంట్లో అంట్లు ఎవరు, ఎప్పుడు, ఎక్కడ తోముతారో ఆలోచించుకుని, బండ కొలతలు ఇవ్వడానికి ముందే తేల్చుకోవలసిన విషయం.

నా అభిప్రాయాన్ని ముందుగానే చెబుతాను, కారణాలు ఆ తరువాత. వంటింటి వెనుక కుళాయితో కూడిన వాష్ ఏరియా ఉన్న ఇంటికి పెద్ద సింగిల్ బౌల్ సింకు చాలు. వాష్ ఏరియా లేని ఫ్లాటులో, గట్టు పొడవు సరిపోతే, 45 అంగుళాల డబుల్ బౌల్ గాని, ఒకటి పెద్దది ఒకటి చిన్నదిగా ఉండే డబుల్ బౌల్ గాని మంచిది. 32 అంగుళాల్లో రెండు సమానమైన బౌల్స్ ఇరికించిన సింకును మాత్రం మన వంటకు ఎవరూ కొనవద్దనే చెబుతాను.

పెద్ద పాత్రతో మొదలుపెట్టాలి

మన దుకాణాల్లో సింకు కొలతను అంచులతో కలిపి చెబుతారు. 24 బై 18 అన్నప్పుడు లోపల మనకు దక్కేది సుమారు 22 అంగుళాల పొడవు, 16 అంగుళాల వెడల్పు. డబుల్ బౌల్ విషయంలో రెండు పక్కల అంచులతోపాటు నడుమ ఉండే అడ్డుగోడ మందాన్ని కూడా తీసివేయాలి కాబట్టి, 45 అంగుళాల సింకులో ఒక్కొక్క బౌల్ సుమారు 20 అంగుళాలు, 37 అంగుళాల సింకులో 16 నుంచి 17 అంగుళాలు, 32 అంగుళాల సింకులో 14 అంగుళాలు వస్తుంది. తయారీదారును బట్టి అర అంగుళం అటూ ఇటూ ఉండవచ్చు. పేరుకు సింకు పెద్దదే అయినా, పని జరిగేది ఒక్క బౌల్‌లోనే కనుక చూడవలసినది ఆ ఒక్క బౌల్ లోపలి కొలత.

ఇప్పుడు మన పాత్రలను తీసుకుందాం. 12 అంగుళాల అట్లపెనానికి పిడి కూడా ఉంటే మొత్తం పొడవు 19 అంగుళాల దాకా వస్తుంది. అయిదు లీటర్ల ప్రెషర్ కుక్కర్ చుట్టుకొలతలో పెద్దది కాకపోయినా, పొడవు పిడి, ఎదుటి పక్కనున్న చిన్న పిడి కలుపుకుంటే 16 అంగుళాల చోటు అడుగుతుంది. పండుగ రోజున బూరెలు వేసే మూకుడు, బంధువులు వచ్చినప్పుడు పులిహోర కలిపే బేసిను, ఇడ్లీ పాత్ర అడుగుభాగం, ఇవన్నీ ఏడాదికి నాలుగుసార్లే వాడినా, ఆ నాలుగుసార్లూ తోమవలసినవే.

అట్లపెనం 22 అంగుళాల సింగిల్ బౌల్‌లో అడుగున సాఫీగా పడుకుంటుంది. రెండు వైపులా పీచు తిరగడానికి చోటు ఉంటుంది. అదే పెనాన్ని 16 అంగుళాల బౌల్‌లో పెడితే సగం లోపల, సగం బయట ఏటవాలుగా నిలుస్తుంది. కుళాయి ధార దాని పైభాగాన పడి చిమ్మి, గట్టూ, వెనుక గోడా, తోమేవారి బట్టలూ తడుస్తాయి. 14 అంగుళాల బౌల్‌లో కుక్కర్‌ను పక్కకు పడుకోబెట్టి లోపల తోముతూ తిప్పబోతే, ప్రతి పావు చుట్టుకూ పిడి గోడకు తగిలి ఆగిపోతుంది. రోజుకు రెండుసార్లు కుక్కర్ పెట్టే ఇంట్లో ఆ చిరాకు రోజుకు రెండుసార్లూ ఉంటుంది. సింకు ఫోటోలో గాజు గ్లాసులూ, నాలుగు ఆపిల్ పండ్లూ పెట్టి చూపిస్తారు గనుక ఈ సంగతి కొనేటప్పుడు తెలియదు.

దీనికి సులువైన పరీక్ష ఒకటుంది. కొనాలనుకున్న సింకులో ఒక్క బౌల్ లోపలి కొలతను రాసుకుని వచ్చి, పాత దినపత్రికను ఆ కొలతకు కత్తిరించి నేలమీద పరచండి. దానిమీద ఇంట్లోని అట్లపెనం, కుక్కర్, అన్నిటికన్నా పెద్ద మూకుడు ఒక్కొక్కటిగా పెట్టి చూడండి. కాగితం అంచు దాటకుండా, చుట్టూ కనీసం రెండు వేళ్ళ చోటు మిగిలితే ఆ బౌల్ మీకు సరిపోతుంది. వారం వారం వాడే పాత్ర ఏదైనా అంచు దాటితే, పక్కన ఇంకొక బౌల్ ఉన్నా ప్రయోజనం లేదు. పెద్ద పాత్ర పట్టని బౌల్స్ రెండున్నా అవి రెండు చిన్న బౌల్సే.

అంట్లు ఎక్కడ పోగుపడతాయి

డబుల్ బౌల్‌కు అనుకూలంగా సాధారణంగా చెప్పే వాదన ఏమిటంటే, ఒక బౌల్‌లో సబ్బునీళ్ళు నింపి తోమవచ్చు, మరొక బౌల్‌లో మంచినీళ్ళు నింపి తొలపవచ్చు, దానివల్ల నీరు ఆదా అవుతుంది అని. రెండు బౌల్స్‌కూ బిరడాలు పెట్టి నీళ్ళు నింపి కడిగే అలవాటున్న దేశాలకు ఆ మాట వర్తిస్తుంది. మన ఇళ్ళలో పాత్రలకు కుళాయి కట్టేసి సబ్బు పెట్టి తోమి, ఆ తరువాత పారే నీటిలోనే తొలుపుతారు; నిలవ నీటిలో ముంచి తీసిన కంచాన్ని శుభ్రమైనదిగా మనవాళ్ళు ఒప్పుకోరు. ఆ పద్ధతిలో బౌల్ ఒకటైనా రెండైనా నీటి ఖర్చు మారదు. నీరు ఆదా కావాలంటే కుళాయి మూతికి ఏరేటర్, అంటే ధారలో గాలి కలిపే చిన్న జాలీ, బిగించుకోవాలి. బిగించక ముందూ, తరువాతా ఒక బకెట్ నిండడానికి ఎంతసేపు పడుతుందో చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

రెండో బౌల్ నిజంగా అక్కరకు వచ్చే సందర్భం వేరు. పనిమనిషి రోజుకు ఒక్కసారి, ఉదయం టిఫిన్ల వేళ దాటాక వచ్చే ఫ్లాటును ఊహించండి. రాత్రి భోజనాల కంచాలు, పప్పు ఎండిపోయిన గిన్నె, అడుగంటిన అన్నం నానబెట్టిన తపేలా, పాలగిన్నె సింకులోనే ఉంటాయి. తెల్లవారి ఆరింటికి పిల్లల డబ్బాలకు వంట మొదలవుతుంది. బియ్యం కడగాలి, కూరగాయలు కడగాలి, కాఫీ ఫిల్టరు తొలపాలి. ఉన్న ఒక్క బౌల్ రాత్రి అంట్లతో నిండి ఉంటే, ఆ అంట్ల మీదుగానే బియ్యం నీళ్ళు వంచవలసి వస్తుంది. ఇలాంటి ఇంటికి రెండో బౌల్ విలాసం కాదు, అవసరం. ఒకటి అంట్లు పడి ఉండడానికి, ఒకటి వంట నడవడానికి.

వాష్ ఏరియా ఉన్న ఇంట్లో ఈ ఇబ్బంది పుట్టదు. ఆంధ్ర, తెలంగాణ పట్టణాల్లో విడిగా కట్టుకున్న ఇళ్ళకూ, చాలా అపార్టుమెంట్లలో కాస్త పెద్ద ఫ్లాట్లకూ వంటింటిని ఆనుకుని ఆ జాగా ఉంటుంది. తిన్న కంచాలు అక్కడికే వెళతాయి, తోమడమూ అక్కడే. అప్పుడు వంటింటి సింకు చేసే పని బియ్యం, పప్పు, కూరగాయలు కడగడం, వంట నడుమ వాడిన గరిటె, చిన్న గిన్నె తొలపడం మాత్రమే. అంత పనికి 37 అంగుళాల గట్టును రెండు బౌల్స్‌కు ధారపోయడం వృథా. ఇటువంటివారు వంటింటిలో 24 బై 18 సింగిల్ బౌల్ పెట్టుకుని, వాష్ ఏరియాలో గట్టును కాస్త తక్కువ ఎత్తులో కట్టించి, అక్కడ వీలైనంత పెద్ద సింగిల్ బౌల్ వేయించుకుంటే అదే డబ్బుకు ఎక్కువ సుఖం దక్కుతుంది.

తిన్న వెంటనే ఎవరి కంచం వారు కడిగి బోర్లించే ఇళ్ళకూ రెండో బౌల్ అక్కరలేదు. డిష్‌వాషర్ ఉన్న ఇంటికి ఇంకా అక్కరలేదు: కంచాలు, గ్లాసులు, చిన్న గిన్నెలు యంత్రంలోకి పోగా చేత్తో తోమడానికి మిగిలేవి కుక్కర్, మూకుడు, పెనం వంటి పెద్ద పాత్రలే కనుక, వారికి కావలసింది పెద్ద బౌల్ ఒక్కటే.

ఎంగిలి, నీచు

ఎంగిలి కంచాలు పడే చోట బియ్యం కడగడానికి మన ఇళ్ళలో చాలామందికి మనసొప్పదు. దీన్ని చాదస్తమని తీసిపారేయనక్కరలేదు. గోంగూర, తోటకూర మట్టి వదిలేదాకా మూడు నాలుగు నీళ్ళు పోసి జాడించాలి; ఆ జాడించే గిన్నె అడుగు సింకును తాకుతుంది, ఆకులు ఒకటి రెండు జారి సింకులో పడతాయి, వాటిని తీసి మళ్ళీ గిన్నెలోనే వేస్తాం. అదే సింకులో అరగంట కిందట చేపలు గాని కోడిమాంసం గాని కడిగి ఉంటే అది మంచిది కాదు. పచ్చి మాంసాన్ని కుళాయి కింద కడిగితే సూక్ష్మజీవులు తుంపరలతోపాటు చుట్టుపక్కలకు చేరతాయని ఆహార భద్రతా నిపుణులు హెచ్చరిస్తూనే ఉన్నారు. అయినా మన వంటలో కడగకుండా వండేవారు అరుదు గనుక, దానికి ఒక బౌల్‌ను విడిగా ఉంచుకోవడం తెలివైన పని. వారంలో రెండు మూడుసార్లు చేపలో మాంసమో వండుకునే, వాష్ ఏరియా లేని ఇంటికి ఇది డబుల్ బౌల్ వైపు మొగ్గే బలమైన కారణం. అయితే తుంపరలకు నడుమ గోడ పెద్ద అడ్డు కాదు. కుళాయిని సన్నగా తిప్పి కడగాలి, కడిగే సమయంలో పక్క బౌల్‌లో ఏమీ ఉంచకూడదు.

ఇక్కడే రెండు బౌల్స్ సమానంగా ఉండనక్కరలేదన్న సంగతి తేలుతుంది. అంట్లకు పెద్ద బౌల్ కావాలి. బియ్యం, కూరగాయలకు చిన్నది చాలు. ఒకటి 20 అంగుళాలు, ఒకటి 12 లేక 13 అంగుళాలు ఉండే సింకులు దొరుకుతాయి. దుకాణంలో సమానమైనవే ఎక్కువగా కనబడతాయి గనుక అడిగి తెప్పించుకోవాలి. 37 అంగుళాల చోటు మాత్రమే ఉన్నవారికి రెండు 16 అంగుళాల బౌల్స్ కన్నా ఇలాంటిదే మేలు.

గట్టు మీద మిగిలేది ఎంత

ఎనిమిది అడుగుల గట్టును తీసుకుని లెక్క వేద్దాం. అది 96 అంగుళాలు. మూడు బర్నర్ల పొయ్యికి అటూ ఇటూ కాస్త చోటుతో కలిపి 30 అంగుళాలు పోతుంది. 37 అంగుళాల డబుల్ బౌల్ పెడితే మిగిలేది 29 అంగుళాలు. దానిలోనే మిక్సీ, నీళ్ళ ఫిల్టరు, కూరగాయలు తరిగే చోటు, వండిన గిన్నెలు దించే చోటు సర్దుకోవాలి. 24 అంగుళాల సింగిల్ బౌల్ పెడితే 42 అంగుళాలు మిగులుతుంది. ఆ 13 అంగుళాలు చపాతీ పీటంత చోటు. చిన్న వంటింట్లో అది దొరకడం, దొరకకపోవడం రోజూ తెలుస్తుంది. పదడుగుల లోపు గట్టు ఉన్నవారు డబుల్ బౌల్ జోలికి పోవద్దని, ఎల్ ఆకారపు గట్టుతో మొత్తం 14, 15 అడుగులు ఉన్నవారు నిశ్చింతగా ఆలోచించవచ్చని స్థూలంగా చెప్పవచ్చు. వాస్తు పాటించేవారు పొయ్యిని ఆగ్నేయానికి, సింకును ఈశాన్యపు మూలకు జరుపుతారు గనుక, అక్కడ కిటికీ వెడల్పు, మూల మలుపు చూసుకున్నాక మిగిలే పొడవే వారి అసలు కొలత.

గిన్నెలు బోర్లించే చోటును చాలామంది లెక్కలోకి తీసుకోరు. తోమిన గిన్నెలు ఎక్కడో ఒకచోట నీరు ఓడాలి. డబుల్ బౌల్ కొన్న ఇళ్ళలో కొంతకాలానికి రెండో బౌల్ ఇందుకే స్థిరపడుతుంది, దానిలో బుట్ట పెట్టి గిన్నెలు బోర్లిస్తారు. చేసే పని అదే అయితే దానికి బౌల్ కన్నా డ్రెయిన్ బోర్డు నయం. 37 బై 18 కొలతలోనే ఒక పెద్ద బౌల్, పక్కన గాడులు తీసిన వాలు పలక ఉండే సింకులు వస్తాయి. గిన్నెలు పలకమీద బోర్లిస్తే నీరు గాడుల వెంట బౌల్‌లోకి జారుతుంది. రెండో కప్లింగ్ (బౌల్ అడుగున మురుగు పైపుకు కలిపే బిగింపు) లేదు, రెండో పైపు లేదు, పలక తుడిస్తే అదే పిండి కలుపుకునే చోటు. గోడకు గిన్నెల స్టాండు బిగించుకునే వీలు లేనివారికి, పనిమనిషి సమస్య లేనివారికి ఈ మూడో రకాన్ని గట్టిగా సిఫారసు చేస్తాను. 30 లేక 32 అంగుళాల ఒకే పెద్ద బౌల్‌కు లోపల మెట్టు ఇచ్చి, దానిమీద జాలీబుట్టనూ తరిగే పలకనూ జరుపుకునేలా చేసినవి కూడా ఇప్పుడు వస్తున్నాయి. జాలీ వేసినప్పుడు రెండు బౌల్స్‌లా, తీసేస్తే ఒకటే బౌల్‌లా వాడుకోవచ్చు. కాకపోతే ఆ బుట్టనూ పలకనూ రోజూ తీసి వాటి కిందినుంచి తుడిచే ఓపిక కావాలి.

బండ, లోతు, పైపు

మన గట్లు సాధారణంగా 24 అంగుళాల వెడల్పు, పరిచే గ్రానైట్ 18 నుంచి 20 మిల్లీమీటర్ల మందం. చీమకుర్తి గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ అయినా, మరొకటైనా, కోత తరువాత దాని బలం సింకు ముందూ వెనుకా మిగిలే పట్టీల మీద ఆధారపడుతుంది. 20 అంగుళాల వెడల్పు సింకుకు, అంచు బండమీద ఆనేలా, 19 అంగుళాల ఖాళీ కోస్తే ముందూ వెనుకా కలిపి అయిదు అంగుళాలే మిగులుతుంది, అంటే ముందువైపు పట్టీ రెండున్నర అంగుళాలు. 24 అంగుళాల సింకుకైతే ఆ పట్టీ పొడవు రెండడుగుల లోపే. 45 అంగుళాల సింకుకు అదే రెండున్నర అంగుళాల పట్టీ మూడున్నర అడుగులకు పైగా సాగుతుంది. కోతమిల్లు నుంచి ఆటోలో తెచ్చి, మెట్లెక్కించి, గట్టుమీదికి ఎత్తేలోపు ఆ పట్టీ విరిగే అవకాశం ఎక్కువ. అందుకే పొడవాటి డబుల్ బౌల్‌కు బండను గట్టుమీద పరచిన తరువాతే ఖాళీ కోయమనండి. దుమ్ము ఎక్కువైనా బండ దక్కుతుంది. ముందు పట్టీ కింద కడప బండ ముక్కగాని, ఇనుప పట్టీగాని ఆనించమని ముందే చెప్పాలి.

బండ కిందినుంచి బిగించే పద్ధతిలో మరొక జాగ్రత్త ఉంది. 20 బై 17 అంగుళాల బౌల్ తొమ్మిది అంగుళాల లోతున నిండితే దాదాపు 50 లీటర్ల నీరు పడుతుంది. రెండు బౌల్స్ ఒకేసారి నిండితే నూరు కిలోల బరువు. ఆ బరువును సిలికాన్ అతుకు మీద మాత్రమే వదలకూడదు. కింద క్లిప్పులో, చట్రమో, గోడ ఆధారమో ఉండాలి. సింగిల్ బౌల్‌కు ఇందులో సగం బరువే గనుక బెంగ తక్కువ.

లోతు దగ్గర చాలామంది ఎక్కువ ఉంటే మంచిదనుకుంటారు. తోమేవారి ఎత్తు చూడకుండా ఆ మాట అనకూడదు. గట్టు 33 అంగుళాల ఎత్తున్నప్పుడు పది అంగుళాల లోతు సింకు అడుగు నేలకు 23 అంగుళాల పైన ఉంటుంది. అయిదడుగుల మనిషి గిన్నె అందుకోవడానికి ప్రతిసారీ నడుము వంచాలి. రోజూ ముప్పై నలభై గిన్నెలు తోమే మనిషి నడుముకు అది చిన్న విషయం కాదు. ఎనిమిది, తొమ్మిది అంగుళాల లోతు నీరు చిమ్మకుండా ఉండడానికి చాలు. లోతు పెరిగితే మురుగు పైపుకూ ఇబ్బందే. బౌల్ అడుగు 23 అంగుళాల ఎత్తున ఉండి, దాని కింద కప్లింగ్, బాటిల్ ట్రాప్ (కొంత నీటిని నిలిపి మురుగు వాసనను ఆపే భాగం) కలిపి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు దిగితే, గోడలోని పైపు నోరు 15 అంగుళాల కన్నా ఎత్తులో ఉండకూడదు. పాత ఇంట్లో ఆ నోరు 18 అంగుళాల ఎత్తున ఉంటే లోతైన సింకుకు నీరు సరిగా పారదు. గోడ పగలగొట్టించుకోవడమో, లోతు తగ్గించుకోవడమో మార్గం.

డబుల్ బౌల్‌కు కప్లింగులు రెండు, వాటిని కలిపే అడ్డ పైపు, దానికి మూడు నాలుగు రబ్బరు వాషర్లు. నీరు ఓడే అతుకులు సింగిల్ బౌల్‌తో పోలిస్తే రెట్టింపు. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. రెండు బౌల్స్‌నూ అడ్డ పైపుతో కలిపి ఒకే ట్రాపుకు ఇస్తే, ఆ ట్రాపు మూసుకుపోయిన రోజున అంట్ల బౌల్‌లో పోసిన మురికినీరు పక్క బౌల్‌లోకి పైకి తన్నుకొస్తుంది. బియ్యం కడిగే చోటు వేరుగా ఉండాలని రెండో బౌల్ కొన్నవారికి ఇంతకన్నా బాధ ఉండదు. అడ్డుపడడం ఎక్కువగా ట్రాపులోనే జరుగుతుంది గనుక, చోటుంటే ఒక్కొక్క బౌల్‌కు విడి ట్రాపు పెట్టి, వాటి తరువాతే పైపులను కలపమని ప్లంబరుకు చెప్పండి. ఈ పైపులన్నీ సింకు కింది అరను ఆక్రమిస్తాయి. చెత్తబుట్ట, నీళ్ళ ఫిల్టరు, సబ్బు సామాను అక్కడే పెట్టుకునే ఇంటివారు దాన్నీ లెక్కలో వేసుకోవాలి.

కుళాయి విషయం చిన్నదే గాని మరవకూడదు. గోడకు ఉండే తిరుగుడు కుళాయి మూతి రెండు బౌల్స్ మధ్యభాగాలనూ అందుకోవాలి. 45 అంగుళాల సింకుకు పొట్టి మూతి కుళాయి పెడితే నీరు అడ్డుగోడ పక్కనే పడుతుంది. హైదరాబాదులో మంజీరా నల్లా (నగరపు మంచినీళ్ళ కుళాయి) ఒకటి, బోరు నీళ్ళది ఒకటి విడివిడిగా ఉన్న వంటిళ్ళలో రెండు బౌల్స్ మీద రెండు కుళాయిలు చక్కగా అమరుతాయి. ఆర్ఓ ఫిల్టరు వదిలే నీటి గొట్టాన్ని కూడా చిన్న బౌల్‌లోకి వేసి, కింద బకెట్టో గిన్నో పెట్టి పట్టుకుంటే గచ్చు కడగడానికి పనికొస్తుంది.

అదే డబ్బుకు ఏ ఉక్కు

ఒకే ధరలో సింగిల్, డబుల్ రెండూ దొరుకుతున్నాయంటే, డబుల్ బౌల్‌లో రేకు మందమో, ఉక్కు రకమో తగ్గించారని అర్థం. 304 రకం ఉక్కులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202 రకంలో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు, అందువల్ల చౌక, అందువల్లే ఉప్పునీటికి, బ్లీచింగు వంటి క్లోరిన్ సామానుకు త్వరగా లొంగిపోయి చుక్కలు చుక్కలుగా తుప్పు కనబడుతుంది. దుకాణదారు అయస్కాంతం ఆనించి, అంటుకోలేదు కాబట్టి 304 అని చెబితే నమ్మకండి. 202 కూడా అయస్కాంతానికి అంటుకోదు. బిల్లు మీద 304 అని రాయించుకోవాలి. మందాన్ని గేజిలో చెబితే అంకె పెరిగేకొద్దీ రేకు పలచబడుతుందని గుర్తుంచుకుని, మిల్లీమీటర్లలో అడగండి. ఒక మిల్లీమీటరు ఉంటే ఇంటికి చాలు; 0.8 కన్నా తగ్గితే గిన్నె పడ్డప్పుడల్లా మోగుతుంది, సొట్టలూ పడతాయి. పలచని 202 డబుల్ బౌల్‌కూ, ఒక మిల్లీమీటరు 304 సింగిల్ బౌల్‌కూ మధ్య ఎంచుకోవలసి వస్తే, వాష్ ఏరియా లేని ఇంటికి సైతం నేను రెండోదే కొనమంటాను.

బోరునీళ్ళు వాడే ఇళ్ళలో తెల్లని ఉప్పు చారలు తప్పవు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేనప్పుడు 600 వరకు. మన బోర్లలో చాలావాటి నీరు మొదటి గీత దాటినదే. రెండు బౌల్స్ అంటే తుడవవలసిన మూలలు ఎనిమిది, పైగా అడ్డుగోడ నెత్తిన నిలిచే నీరు. మూలలు మరీ పదునుగా ఉండే చేతి తయారీ సింకుల్లో జిడ్డు పేరుకుంటుంది. వేలు ఆనించినప్పుడు గుండ్రంగా జారే మూల ఉన్నదే తీసుకోండి. ఉక్కుకు బదులు రాతిపొడితో చేసే క్వార్ట్జ్ సింకులు చప్పుడు చేయవు, చారలు తక్కువ కనబడతాయి గాని, లేత రంగువి పసుపు, చింతపండు మరకలను పట్టుకుంటాయి. మన వంటకు ముదురు రంగే మేలు.

అమెరికాలో ఇల్లు కొనుక్కుంటున్న మనవారికి ఈ లెక్క కాస్త మారుతుంది. అక్కడ 36 అంగుళాల అరలో 33 బై 22 అంగుళాల సింకు పరిపాటి. పాత ఇళ్ళలో అది రెండు సమాన భాగాలుగా ఉంటుంది గనుక ఒక్కొక్కటి 14 అంగుళాల చిల్లరే, కుక్కర్‌కూ పెనానికీ చాలదు. డిష్‌వాషర్ ఎలాగూ ఉంటుంది కాబట్టి అదే చోటులో ఒకే పెద్ద బౌల్ గాని, నడుమ గోడ సగం ఎత్తే ఉండే రకం గాని వేయించుకోవడం మంచిది. ఈ సగం గోడ సింకులో పెనం పిడి గోడ మీదుగా పక్క బౌల్‌లోకి చాచుకుంటుంది. చెత్తను నలిపే డిస్పోజల్ యంత్రం ఉంటే, రెండు భాగాల సింకులో దాన్ని చిన్న బౌల్‌కే బిగించాలి. మునగకాయ పిప్పి, కరివేపాకు ఈనెలు, మిగిలిన అన్నం ఒకే పెద్ద బౌల్ నుంచి నేరుగా దానిలోకి జారితే యంత్రమో పైపో పట్టేస్తుంది.

ఏ రకం కొన్నా, గ్రానైట్ పనివారికి కాగితం మీది కొలత కాక సింకునే ముందు పెట్టి గీత గీయించండి, ఒకే మోడల్‌లో కూడా అంచు కొలతలు మారుతుంటాయి. బిగించిన రోజునే, ప్లంబరు వెళ్ళకముందు, కప్లింగు నోటికి బిరడాగాని నీటితో నింపిన ప్లాస్టిక్ సంచిగాని అడ్డుపెట్టి బౌల్ నిండా నీళ్ళు పట్టి, డబుల్ బౌల్ అయితే రెండూ నింపి, ఒకేసారి వదలండి. అప్పుడు కింద ప్రతి అతుకు చుట్టూ పొడి కాగితం తిప్పి చూడాలి. కాగితం తడిస్తే వాషర్ మార్పించండి. ఒక బౌల్ నీరు మరొకదానిలోకి ఎగదన్నితే, పైపు వాలు సరిచేసేదాకా మిగిలిన కూలి ఇవ్వకండి.